నాట్యవేషమునకు గల రెండు ఋణములు

కొన్ని సంవత్సరముల క్రిందట మన పాఠశాల వార్షికోత్సవమున జరిగిన పొరపాటు నొకదానిని ఒప్పుకొని ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాము. ఆ యేడు మేము పదిమంది బాలికలచే కొడగు స్త్రీల నృత్యమైన ఉమ్మత్తాట్‌ను ఆడించితిమి. కన్నడనాట తరతరములుగ నివసించుచున్న మనము ఈ సీమ కళలను గౌరవింపవలెనను తలంపే తప్ప మా మనస్సున వేరొండు లేదు. పాట బాగుగనే సాగినది. కాని మేము కొత్తగా చేర్చిన ఒక అడుగులో చేతులు పైకెత్తవలసి యుండెను. ఎత్తిన తోడనే ఇద్దరు బాలికల రవికలు చంకల క్రింద పటుక్కున చిట్లినవి. పాపము, ఆ పిల్లలు తక్కిన పాటంతయు మోచేతులను ప్రక్కల కదుముకొనియే ఆడిరి.

అంతటితో తీరలేదు. ఉత్సవము ముగిసిన పిదప కొడగు సీమకు చెందిన ఒక తల్లి మా యొద్దకు వచ్చి మిక్కిలి మర్యాదగా, "మాస్టరుగారూ, పిల్లలు చక్కగా ఆడినారు. కాని మా ఆడవారు చీరకుచ్చెళ్ళు ముందు పెట్టుకొనరండి; వెనుకకు పెట్టుకొందురు" అని చెప్పి నమస్కరించి వెళ్ళిరి. ఆమె మాటలో కోపము లేదు. కోపము లేకపోవుటయే మమ్ము ఎక్కువ బాధించినది.

ఆ రాత్రి మాకు తోచిన దేమనగా, మేము చేసిన తప్పులు రెండు. రవిక చిట్లుట నర్తకి శరీరముపట్ల చేసిన అపరాధము. కుచ్చెళ్ళు ముందునకు వచ్చుట ఆ నృత్యము ఎవరిదో ఆ జనులపట్ల చేసిన అపరాధము. ఒక జాతి నృత్యమునకు వేషము కూర్చు ప్రతివాడును ఈ రెండు ఋణములు తీర్పవలసియున్నది. ఈ విషయమును రెండువందల సంవత్సరములుగ చేతితో కుట్టి, తప్పులు చేసి, దిద్దుకొని నేర్చుకొన్నవారు ఐరోపాలోని బ్యాలే నాటకశాలలవారు. వారి నేర్పును వారి తప్పులును రెండును మనకు పాఠములే. కావున ఆ సంగతిని బాలబాలికలకును, వారి తల్లిదండ్రులకును తెలియునట్లు చెప్ప ప్రయత్నింతుము.

క్యారెక్టరు నృత్యమనగా నేమి?

భరతముని అభినయమును నాలుగు విధములుగ విభజించెను: ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. ఇందు ఆహార్యమనగా వేషము, నగలు, ముఖవర్ణము మొదలగునవి. వేషమును అలంకారమని చెప్పక అభినయమనియే చెప్పుట గమనింపదగినది. కూచిపూడి భామాకలాపమున సత్యభామ జడ కేవలము జడ కాదు. అది ఆమె అతిశయమునకు గుర్తు. బ్యాలేలో మాటయు లేదు, పాటయు సామాన్యముగ లేదు. కావున అచ్చట వేషము మోయవలసిన బరువు మరియు హెచ్చు.

బ్యాలే అనగానే మునివ్రేళ్ళపై నిలిచి తెల్లని పొట్టి పావడతో తిరుగు నర్తకి మన కన్నుల యెదుట నిలుచును. కాని అదే నాటకములో మడమగల జోళ్ళు తొడిగి, నేలను తన్నుచు, రంగురంగుల దుస్తులతో ప్రవేశించువారు మరికొందరు గలరు. వారు ఆడునది ఒకానొక దేశపు జానపద నృత్యమును రంగస్థలమునకు తగినట్లు దిద్దిన రూపము. దీనినే క్యారెక్టరు నృత్యమందురు. 1870లో పారిస్‌లో ప్రదర్శింపబడిన 'కొపేలియా' యందు పోలండువారి మజుర్కాయు, హంగెరీవారి చార్దాషును గలవు. చైకోవ్‌స్కీ సంగీతము కూర్చిన 'హంస సరస్సు' 1877లో మాస్కోలో మొదట ప్రదర్శితమై, 1895లో సెంట్ పీటర్స్‌బర్గులో పెతిపా, ఇవానోవ్ అను ఇరువురిచే తిరిగి కూర్పబడినది. దాని మూడవ అంకమున రాజకుమారుని విందుశాలలో హంగెరీ, స్పెయిను, నేపుల్సు, పోలండు నృత్యములు వరుసగా వచ్చును. ఈ విద్యకు ప్రత్యేకమగు శిక్షణక్రమము కూడ ఏర్పడినది. షిర్యాయెవ్ మొదలగు ముగ్గురు రష్యను ఆచార్యులు 1939లో దీనిపై ఒక పాఠ్యగ్రంథమును వెలువరించిరి.

ఈ పేరునకు రెండవ అర్థమును కలదు. ముసలివారు, మంత్రగత్తెలు, హాస్యపాత్రలు మొదలగువారిని కూడ క్యారెక్టరు పాత్రలనియే యందురు. 1890లో 'నిద్రించు సుందరి' యందు కారబోస్ అను దుష్టదేవతగా నటించినవాడు చెకెట్టీ అను పురుషుడు. మన భామవేషగాండ్రను ఎరిగినవారికి ఇందు వింత కనబడదు. కాని ఈ వ్యాసమున మేము జాతినృత్యముల వేషములనే ముఖ్యముగ చర్చింతుము.

ఇందొక వింత గలదు. ఒకే అంకమున ప్రధాన నర్తకి బిరుసైన పొట్టి పావడతోను, మునివ్రేళ్ళ జోళ్ళతోను ఉండును. ఆమె ఏ దేశపుదో కిరీటమో, అంచుపని యో మాత్రమే సూచించును. క్యారెక్టరు నర్తకులో, తల మొదలు కాలివరకు ఆ దేశపు దుస్తులతోనే ఉందురు. అనగా కథ ఏ దేశమున జరుగుచున్నదో ప్రేక్షకులకు నమ్మించు భారము వీరిమీదనే పడుచున్నది.

నీడను చూచి గుర్తింపవలెను

ఒక్కొక్క జాతినృత్యము రంగస్థలముపై సామాన్యముగ కొలది నిమిషములకంటె ఎక్కువ సాగదు. నర్తకులు ప్రవేశించిన కొలది క్షణములలోనే వారెవరో వెనుకవరుసలో కూర్చున్నవానికిని తెలియవలెను. అంత దూరమునుండి కుట్టుపని కనబడదు, ముఖము కనబడదు, కనబడునది ఆకారము. కావున మంచి వేషకర్త ముందుగా రంగులను గాక నీడను గీయును. నల్లని నీడను మాత్రమే చూపి, "ఇతడెవ్వ"డని అడిగిన జవాబు రావలెను.

స్పెయిను స్త్రీ పావడ తుంటివరకు బిగువుగానుండి క్రింద కుచ్చులతో విచ్చుకొనును. తలపై ఎత్తైన దువ్వెన, దానిమీద లేసు ముసుగు. పోలండు పురుషుని పొడవైన పైకోటునకు చీల్చిన చేతులు భుజముల వెనుకకు వ్రేలాడును. నడుమున వెడల్పాటి పట్టుదట్టి, తలపై నాలుగు మూలల టోపి. హంగెరీ యువకుని పొట్టికోటుపై ఱొమ్మున అడ్డముగ త్రాళ్ళవంటి అల్లికలు. ఒక్కొక్కప్పుడు ఇంకొక కోటు ఒక భుజముపై మాత్రమే వ్రేలాడుచుండును. నేపుల్సు పిల్లకు కురుచపావడ, దాని ముందు చిన్న గుడ్డ, చేత గజ్జెల కంజిర, దానికి రిబ్బనులు. నాలుగు నీడలును నాలుగు విధములు. రంగు లేకున్నను ఒకదాని నింకొకటిగ పొరబడుట కవకాశము లేదు.

నీడ తరువాత తాళము. చార్దాషు ఆరంభమున మందముగ, గంభీరముగ నడచి, చివర వేగముతో విజృంభించును. దానిని ఆడు నర్తకుని కోటు మొదట బరువుగా కనబడవలెను. చివర బరువుగా ఉండరాదు. కనబడుట వేరు, ఉండుట వేరు. ఈ రెంటికి నడుమనున్న రహస్యమే వేషకర్త విద్య. బంగారు జరీవలె కనబడునది తేలికయగు నూలుత్రాడు. మఖమలువలె కనబడునది పలుచని బట్ట. ఉన్నిబొచ్చు అంచు సన్ననిది. లోపల దళసరి అస్తరునకు మారుగా చెమటను పీల్చు నూలుగుడ్డ.

పావడలో దాగిన గణితము

మన పిల్లలు వృత్తపరిధి లెక్కలు కట్టునపుడు "ఇవి దేనికి పనికివచ్చునండీ?" అని అడుగుచుందురు. పావడ కుట్టుటకు పనికివచ్చును. క్యారెక్టరు నర్తకి పావడ మోకాలికి క్రిందుగ, సాధారణముగ పిక్క నడిమివరకు ఉండును. మిక్కిలి పొడవైన పాదముల పని మరుగుపడును. మిక్కిలి పొట్టియైన జానపదస్త్రీ నిండుదనము పోవును. అది గిరగిర తిరిగినపుడు గొడుగువలె విచ్చుకొనవలెనన్న గుడ్డను నిండు వృత్తముగ కత్తిరింపవలెను.

నడుము కొలత 24 అంగుళములనుకొందము. అది లోపలి వృత్తపు పరిధి. 24ను 44/7చే భాగించిన వ్యాసార్ధము సుమారు 3.8 అంగుళములు. పావడ పొడవు 26 అంగుళములైన వెలుపలి వృత్తపు వ్యాసార్ధము 29.8 అంగుళములు, దాని పరిధి, అనగా అంచు చుట్టుకొలత, సుమారు 187 అంగుళములు. ఇది అయిదు గజములకు పైమాట! ఇరువదినాలుగు అంగుళముల నడుమునుండి అయిదు గజముల అంచు వచ్చినది. అదే పావడను అర్ధవృత్తముగ కత్తిరించిన అంచు సుమారు 106 అంగుళములు మాత్రమే. మూడు గజములు కూడ పూర్తిగ లేదు. మొదటిది గొడుగువలె లేచును. రెండవది గంటవలె ఊగును. ఏది కావలెనో నృత్యము నిర్ణయించును గాని దర్జీ నిర్ణయింపరాదు.

నర్తకి తిరిగినపుడు గుడ్డ ఎందుకు లేచును? గుడ్డలోని ప్రతి కణమును జడత్వముచే తిన్నగ పోజూచును. నడుముపట్టీ దానిని లాగి పట్టుకొనును. అందుచే పావడ వెలుపలికి పరచుకొనును. నర్తకి హఠాత్తుగ నిలిచిపోయినను గుడ్డ నిలువదు. మరికొంత తిరిగి కాళ్ళకు చుట్టుకొని, మరల విడివడును. దేహము నిలిచిన తరువాత కూడ నృత్యము ఒక్క క్షణము గుడ్డలో మిగిలియుండును. ఆ క్షణమును వాడుకొనుటకే అంచునకు సమీపమున రెండు మూడు వరుసల రిబ్బనులను కుట్టుదురు. అవి అందము కొరకే కావు. అవి అంచునకు కొంచెము బరువు నిచ్చి ఊపును పెంచును. కదలిక గీతలుగా కన్నులకు కట్టునట్లు చేయును. బ్యాలే పాఠశాలలలో బాలికలు అభ్యాసమునకు ధరించు నల్లపావడలకు కూడ ఈ రంగు రిబ్బనులుండును. పావడ అంచును పట్టుకొని త్రిప్పుట కూడ పాఠములో భాగమే గనుక అభ్యాసము మొదటినుండియు పావడతోనే జరుగవలెను.

చేయి ఎత్తిన రవిక ఎందుకు చిట్లును?

ఇప్పుడు మా పొరపాటునకు వత్తము. నిత్యము ధరించు రవిక చేతులు క్రిందికి దింపియున్నపుడు అందముగ అమరునట్లు కత్తిరింపబడును. చేయి పైకెత్తినపుడు నడుమునుండి మోచేతివరకు గల దూరము పెరుగును, గుడ్డ పెరుగదు. అపుడు రెండే మార్గములు: గుడ్డ మొత్తము పైకి లేచుట, లేదా కుట్టు విడుట. మా బాలికల రవికలు బిగువైనవి గనుక పైకి లేవలేక చిట్లినవి.

బ్యాలే దర్జీలు దీనికి వాడు ఉపాయము చిన్నది. చంక క్రింద నాలుగు కుట్లు కలియుచోట చతురస్రాకారమైన చిన్న గుడ్డముక్కను మూలవాటుగ అమర్తురు. చేయి దిగియున్నపుడు అది మడతలో దాగియుండును. ఎత్తినపుడు విచ్చుకొని కావలసిన పొడవు నిచ్చును. దీనిని సాగెడు అల్లిక గుడ్డతో చేసిన మరియు మేలు. పురుషుల కోట్లలో ఇంకొక ఉపాయము కలదు. చొక్కాచేతులను కోటునకే కుట్టి, చంకభాగమును తెరచియుంచి, కోటు మొండెమును నడుమున బిగింతురు. నర్తకుడు చెలికత్తెను తలమీదికెత్తినను కోటు చెవులవరకు లేవదు.

ఇట్టివే మరికొన్ని చిన్న సంగతులు. రవిక వెనుకభాగమున హుక్కులకు రెండు మూడు వరుసల కొక్కెములు కుట్టుదురు. ఒకే వేషము ఈ యేడొకరికి, మరుసటియేడు వేరొకరికి సరిపోవలెను గదా! జానపదస్త్రీ నడుమునకు ముందు కట్టుకొను గుడ్డ, మెడపై రుమాలు వదులుగ ఉన్నట్లే కనబడును. నిజమునకు అవి పావడకును రవికకును కుట్టబడియే యుండును. జతగా ఆడువారి దుస్తులపై గరుకైన పూసలు గాని, కొక్కెమువలె తగులుకొను గుండీలు గాని ఉండరాదు. టోపీలకు లోపల పట్టీలుండును. రంగస్థలముపై రాలిపడిన గుండీ ఒక్కటి చాలును, తరువాత వచ్చు నర్తకి కాలు జారుటకు.

జోళ్ళు కూడ వేషములోనివే గాక సంగీతములోనివి కూడ. స్త్రీల జోడునకు రెండు అంగుళములకు మించని దృఢమైన మడమ; పురుషులకు మెత్తనితోలు బూటు. మజుర్కాలో మడమలు రెండును తాకించిన టక్కుమను శబ్దము తాళములో భాగము. 1960లో ఆష్టన్ లండనులో కూర్చిన 'లా ఫీ మల్ గార్దే' యను హాస్యనాటకమున ముసలి సిమోను కొయ్యజోళ్ళతో ఆడు నృత్యము జనుల కత్యంత ప్రీతిపాత్రము. అచ్చట జోడే వాద్యము. మన గజ్జెల కథయు ఇదియే గదా!

వేషము సిద్ధమైనదో లేదో తెలిసికొనుటకు అద్దము చాలదు. ముందుగా చవుక గుడ్డతో నమూనా కుట్టి, నర్తకికి తొడిగి, చేతు లెత్తించి, వంగించి, మోకరిల్లజేసి, ఎగిరించి, పిదపనే అసలు గుడ్డను కత్తిరింతురు. నిలుచున్నవానికి సరిపోయిన దుస్తులు నిలుచున్నవానికే సరిపోవును.

దూరమును, దీపమును

1909లో పారిస్ నగరమున దియాగిలేవ్ నడపిన రష్యను బృందము 'పొలోవ్‌త్సీ నృత్యములు' ప్రదర్శించినపుడు వేషములు కూర్చినవాడు నికొలాయ్ రోరిక్ అను చిత్రకారుడు. స్టెప్పీ మైదానముల యోధుల కొరకు ఆయన మధ్య ఆసియాలో నేసిన ఇకత్ పట్టుబట్టలను వాడెను. నేతకు ముందే నూలును ముడివేసి రంగులద్దుట ఇకత్ పద్ధతి. అందుచే రంగు అంచులు కొంచెము చెదరి మంటలవలె కనబడును. మన పోచంపల్లి చీరలును, చీరాల తేలియా రుమాళ్ళును ఈ పద్ధతిచేతనే నేయబడును. ఇట్టి పెద్ద, చెదరిన నమూనా దూరమునుండి చక్కగ కనబడును. సన్నని సూదిపని దీపముల వెలుగులో కరగిపోవును. కావుననే రంగస్థలపు వేషముపై పువ్వు అరచేయి యంత ఉండును, ఆకు కత్తిరించి అతికినదై ఉండును, నీడలు కుంచెతో వేయబడియుండును. దగ్గర చూచిన మొరటు. దూరము చూచిన నిజము.

ఇదే రోరిక్ 1913లో 'వసంతార్చన'కు ప్రాచీన రష్యను గ్రామీణుల వేషములను కూర్చెను. రంగులద్దిన ఉన్నిబట్టలవి. నిజిన్‌స్కీ కూర్చిన నృత్యమున పాదములు లోపలికి తిరిగి, నడుములు వంగి, నేలను బలముగ తన్నవలసియుండెను. బరువైన ఉన్ని ఆ నేలబారు నడకకు తగియున్నది. ఇచ్చట వేషమే నర్తకునికి ఎట్లు నడువవలెనో చెప్పినది. తరువాత రోరిక్ హిమాలయములలోని కుల్లూ లోయకు వచ్చి స్థిరపడి 1947లో అచ్చటనే కన్నుమూసెను. ఆయన కుమారుడు స్వెతొస్లావ్ బెంగుళూరు సమీపమున తాతగుణి తోటలో నివసించెను. ఆయన భార్య, విశాఖపట్టణపు వాల్తేరులో జన్మించిన దేవికారాణి.

రెండవ ఋణము

ఇంతవరకు చెప్పినది కత్తెరకు, సూదికి సంబంధించినది. రెండవ ఋణము కత్తెరతో తీరదు.

1834లో దొలోరెస్ సెర్రాల్ మొదలగు స్పెయిను నర్తకులు పారిస్‌కు వచ్చి తమ నృత్యములను చూపిరి. రెండేండ్లకు, 1836లో, వియన్నాలో పుట్టిన ఫానీ ఎల్‌స్లర్ గులాబిరంగు శాటినుపై నల్లలేసు కుచ్చులు గల దుస్తులు ధరించి, చేత చిటికతాళములతో 'కచూచా' అను స్పెయిను నృత్యము నాడి ఐరోపానంతయు ముగ్ధను చేసినది. ఆమె స్పెయిను దేశీయురాలు కాదు. అయినను ఆ నృత్యమును దాని స్వంతదారులు నగరమునకు వచ్చి ఆడియుండిరి. పోల్చి చూచుటకు జనుల కవకాశముండెను.

1838లో పుదుచ్చేరి సమీపమునగల తిరువేందిపురమునుండి దేవదాసీలు కొందరు పారిస్‌కు కొనిపోబడిరి. వారిలో అమ్మణి యను యువతి నృత్యమును గోతియే అను ఫ్రెంచి రచయిత మిక్కుటముగ కొనియాడెను; బార్ అను శిల్పి ఆమె ప్రతిమను చేసెను. అనగా భారతీయ నర్తకి ఎట్లుండునో ఐరోపా కన్నులార చూచినది. అయినను 1877లో పెతిపా సెంట్ పీటర్స్‌బర్గులో కూర్చిన 'లా బయాదేర్' అను బ్యాలేలో మన దేవాలయ నర్తకి కథ వచ్చినపుడు, ఆ భారతదేశము కలలోని భారతదేశమే యైనది. నాటి దక్షిణదేశ నర్తకులు చీరతో శరాయి ధరించుట నిజమే. కాని నడుము బయటపెట్టి, బిరుసైన పొట్టి పావడతో ఏ దేవాలయ నర్తకియు ఎన్నడును ఆడలేదు. నేటికిని ఆ నాటకము పలు నగరములలో అట్టి వేషములతోనే ఆడబడుచున్నది. దాని సంగీతము, నృత్యము సుందరములని మేమును ఒప్పుకొందుము. ఐనను దానిని చూచు భారతీయునికి, తన పేరు పెట్టి వేరొకరి ముఖమును చూపినట్లుండును.

ఇట్టి బాధ మనకొక్కరికే కాదు. 'నట్‌క్రాకర్' అను బ్యాలేలో తేనీటికి గుర్తుగ ఒక చిన్న చీనా నృత్యము గలదు. వ్రేలాడు మీసము, ముఖమునకు రంగు, కుదించిన అడుగులు - ఇవి ఏండ్ల తరబడి నవ్వుకొరకు వాడబడినవి. బాలంచీన్ 1954లో న్యూయార్కు సిటీ బ్యాలేకు కూర్చిన ప్రదర్శనమున ఈ నృత్యపు వేషమును, ముఖవర్ణమును 2017లో మార్చిరి. ఆసియా సంతతికి చెందిన నర్తకులు నెమ్మదిగా, తర్కముతో అడిగినందున జరిగిన మార్పిది. నాటకము చెడలేదు; సంగీతము పోలేదు. ఒక జాతి నవ్వులపాలగుట మాత్రము తగ్గినది.

అడిగి చేసిన పని ఎట్లుండునో చూపుటకును ఒక ఉదాహరణము గలదు. రష్యను నర్తకి అన్నా పావ్‌లోవా 1922లో మన దేశమునకు వచ్చి, మరుసటియేడు లండనులో రాధాకృష్ణుల నృత్యమును ప్రదర్శింపదలచినపుడు, అచ్చట చిత్రకళ నభ్యసించుచున్న ఉదయశంకరుని పిలిచి కూర్పించుకొన్నది. ఆయన కృష్ణుడు, ఆమె రాధ. అప్పటికి ఉదయశంకరుడు నాట్యశాస్త్రమును క్రమముగ నేర్చినవాడు కాడు. ఐనను ఆ నృత్యము ఎవరిదో వారిలో ఒకనిని ముందుగా అడుగవలెనని ఆమెకు తోచినది. గొప్పదనము అందున్నది.

మన కిందేమున్నది?

ఒకానొక పోటీలలో మన బాలురు చూచి వచ్చిన నాటకమున 'తెలుగువాడు' అను పాత్ర యుండెనట. బారెడు మీసము, మెడలో మిరపకాయల దండ, మాటాడిన నల్లా అరపు. సభవారు నవ్విరట. మన పిల్లలును మొదట నవ్విరి. దారిలో మాత్రము ఎవరును మాటాడలేదు. మరునాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు మాతో, "మాస్టారూ, మా తాతగారు అట్లుండరండి" అనెను. ఆ మాట విన్నపుడు మాకు కొడగు తల్లి మాట జ్ఞప్తికి వచ్చినది. ఆ బాలుడు చెప్పినదియు ఆమె చెప్పినదియు ఒక్కటే. మన కుచ్చెళ్ళు ఆమెను నవ్వులపాలు చేయలేదు నిజమే. కాని తెలియకపోవుటయు, అడుగకపోవుటయు రెంటికిని మూలము.

మరుసటి యేడు ఆ నృత్యమునే మరల ఆడించితిమి. ఈ పర్యాయము ముందుగా ఆ తల్లి యింటికి వెళ్ళి అడిగితిమి. ఆమె ఒక మధ్యాహ్నము పాఠశాలకు వచ్చి, ఒక బాలికకు తన చేతులతో చీర కట్టి చూపిరి. పదిమంది తల్లులు చుట్టును నిలిచి నేర్చుకొనిరి. మేము చేర్చిన అడుగును చూచి ఆమె చిరునవ్వు నవ్వి, "అది మాలో లేదండి" అనిరి, దానిని తీసివేసితిమి. ఐనను మన దర్జీ ఇరువది చంకల క్రిందను ఇరువది గుడ్డముక్కలు కుట్టెను. పిల్లలు ఎట్లు వంగినను, ఎట్లు తిరిగినను ఒక్క కుట్టును విడలేదు. ఆ తల్లి ముందువరుసలో కూర్చుండి చూచిరి.

బాలబాలికలారా! ఇకముందు మీరు ఏ జాతి నృత్యమునకు వేషము కూర్చుకొన్నను మూడు పనులు చేయుడు. ఆ నృత్యమువారిలో ఒకరిని అడుగుడు. నీడ గీచి చూచుకొనుడు. నమూనా తొడిగి చేతు లెత్తి, వంగి, ఎగిరి చూచుకొనుడు. తరువాతనే కత్తెర పట్టుడు.

తల్లిదండ్రులకు మా మనవి ఇంకొకటి. మన ముత్తవ్వలు ఈ సీమకు వచ్చిననాడు చీర ఎట్లు కట్టిరి, కొంగు ఏ ప్రక్కకు దోపిరి, పెండ్లికి ఏ రవిక తొడిగిరి, తాతలు తలగుడ్డ ఎన్ని చుట్లు చుట్టిరి - ఈ సంగతులు ఇప్పటికిని కొన్ని యిండ్లలో పెద్దల నోట ఉన్నవి. వేసవి సెలవులలో పిల్లలచే అడిగించి ఒక పుస్తకమున వ్రాయింపుడు. కట్టు తెలిసినవారుండిన కట్టించి చూపుడు. రేపు పొరుగు పాఠశాలవారు తెలుగువారి నృత్యమును ఆడదలచి "మీ కట్టు ఎట్లుండును?" అని మర్యాదగా అడుగవచ్చును. అడిగినపుడు చెప్పుటకు మనకు తెలిసియుండవలెను గదా!